చర్చి వెనక ఎర్రకన్ను

మా చర్చి వెనక ఒక పాడుబడ్డ ఇల్లు ఉండేది. చీకటి పడితే అటువైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. పగలైనా తప్పనిసరి అయితేనే... అదీ ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ.

ఎప్పుడో ఒక ముసలి ఉపదేశి — పిల్లలకు జపాలు నేర్పే ఆయన — ఆ ఇంట్లో ఒంటరిగా ఉండి, ఒంటరిగానే పోయాడట. మూడు రోజులదాకా ఎవరికీ తెలియలేదట. ఆదివారం పూజలో ఆయన చోటు ఖాళీగా కనబడితే గానీ ఎవరికీ గుర్తు రాలేదు. “మనిషి కనబడకపోతే అడిగే దిక్కు లేకపోయింది. ఆ ఉసురు ఊరికే పోతుందా?” అనేది మా నానమ్మ.

ఇది మా మేనత్త నాకు చెప్పిన కథ. ఆమె చెప్పినట్టే చెబుతున్నాను. మధ్యలో కాస్త నోటిదురుసు తగిలితే అది మా వంశంలోనే ఉంది, సర్దుకోండి.

మేనత్త తాపీమేస్త్రీ. ఆడది గోడ కడితే నిలబడుతుందా అని నవ్వినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఆమె కట్టిన గోడల మధ్యే నిద్రపోతున్నారు, హాయిగా.

చర్చి కట్టినప్పుడు రెండువందల మందికి కట్టారు. తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, పనులు వెతుక్కుంటూ కొత్త కుటుంబాలు వచ్చాయి. ఆదివారం వస్తే ఆరువందల మంది. ముందొచ్చినవాళ్ళు లోపల, మిగతావాళ్ళు ఎండలోనో వానలోనో బయట.

మా నానమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఎంత తెల్లారి బయల్దేరినా ఆలస్యమే అయ్యేది. ఆఖరి నాలుగేళ్ళూ ఆమె పూజ విన్నది మూడో కిటికీ బయట నిలబడి. లోపల గంట మోగితే కిటికీ చువ్వ పట్టుకుని తల వంచేది. పీఠం ఎలా ఉందో మర్చిపోయానని ఒకసారి నాతో అంది. ఆ నాలుగేళ్ళలో ఆమెకు కనబడింది జనం వీపులే.

ఆమె పోయినప్పుడు మాత్రం శవపేటికను తిన్నగా లోపలికి తీసుకెళ్ళి, పీఠం ముందు పెట్టారు. బతికుండగా దొరకని చోటు చచ్చాక దొరికింది. అత్త ఏడవలేదు. పేటిక మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేటట్టే అంది:

“అమ్మా, ఈ వెనక గోడ నా చేత్తో పడగొడతాను. ఇంక ఎవరూ బయట నిలబడరు.”

మా విచారణకు, అంటే మా చర్చి పరిధికి, ఫాదరుగారు కొత్త. సన్నగా, ఎప్పుడూ సైకిలు మీద ఉండేవారు. ఆ రోజు ఆయన అత్త మాట విన్నారు. మర్నాటి ఆదివారం పూజలో ఆయన చేసిన ప్రసంగం మూడే ముక్కలు. “లోపల రెండువందలు. బయట నాలుగువందలు. అంటే మన చర్చి ఎక్కువభాగం బయటే ఉంది.”

అలా మొదలైంది పని. వెనక గోడ తీసేసి, పాడుబడ్డ ఇంటి స్థలం కలుపుకుని, చర్చిని మూడింతలు చెయ్యాలి. పనికి మేస్త్రీ మా అత్తే.

అందరికీ ఇష్టమేనా అంటే... కాదు. విచారణ సంఘానికి ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా ఒకే బెంచీ, ఒకే మూల. మేము ఆయన్ని ముందుబెంచీ పెద్దాయన అనేవాళ్ళం. ముందు బెంచీలో కూర్చునేవాడికి గుడి ఎప్పుడూ ఇరుకు కాదు. “ఉన్నదానికి ఏం తక్కువ?” అని ఆయన పాట.

ఫాదరుగారికి ఇంకో అలవాటు ఉండేది. చర్చికి రానివాళ్ళ ఇళ్ళకు వెతుక్కుంటూ వెళ్ళేవారు. తప్పిపోయిన గొర్రె గురించి పీఠం మీద చదివితే సరిపోదు, దాని గుమ్మం తొక్కాలి అనేవారు. ఆయన సైకిలు ఎక్కువగా ఆగేది బజారు చివర, తాళాలు బాగుచేసే ఆయన కొట్టు దగ్గర.

ఆ తాళాలాయన పన్నెండేళ్ళుగా చర్చికి రావడం లేదు. ఒకప్పుడు చర్చిలో వెండి సిలువ కనబడకుండా పోయింది. తాళం పగలలేదు, తలుపు విరగలేదు. ఇంకేం... తాళాలు తియ్యడం వచ్చినవాడు ఒక్కడే కదా! ముందుబెంచీ పెద్దాయన నిండు చర్చిలో ఆయన్ని లేపి, జేబులు చూపించమన్నారు. ఆయన చూపించాడు. ఏమీ లేదు. బయటికి నడిచాడు, మళ్ళీ రాలేదు. మూడు నెలల తర్వాత సిలువ బట్టల పెట్టెలో, పాత తెరల మడతల్లో దొరికింది. సిలువను తీసి మెరిసేదాకా తోమారు. ఆయన దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

ఇది గుర్తు పెట్టుకోండి. ఇక దెయ్యం దగ్గరికి వద్దాం.

చర్చి వెనకభాగం పైకప్పు రేకులు విప్పేశారు. పూజలు బడి షెడ్డులోకి మారాయి. శనివారం పొద్దున ఫాదరుగారు దూలం ఎంత పుచ్చిందో చూద్దామని నిచ్చెన ఎక్కి... జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ అన్నారు, ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఆదివారం పూజకు ఇంకో ఊరినుంచి వేరే ఫాదరు వచ్చి వెళ్ళారు.

సోమవారం రాత్రి నుంచి మొదలైంది.

ఆ రోజే సిమెంటు బస్తాలు దిగాయి, వాటికి కాపలాగా పనివాళ్ళు నలుగురు ఆ రాత్రి నుంచి చర్చి పక్కనే పడుకున్నారు. వాళ్ళలో ఒకడికి మెలకువ వచ్చింది. పాడుబడ్డ ఇంటి కిటికీలో... ఎర్రగా... ఒక కన్ను.

ఒకటే కన్ను. రెప్ప వెయ్యదు.

మంగళవారం రాత్రి నలుగురూ చూశారు. కన్నుతో పాటు చప్పుడు కూడా — ఇనుము ఇనుముకు తగిలినట్టు. సంకెళ్ళేమో! బుధవారం ఆ సంకెళ్ళతో పాటు గొణుగుడు. చెప్పిందే చెబుతూ, చెప్పిందే చెబుతూ... మగ గొంతు. పిల్లలకు జపాలు నేర్పేవాడి గొంతులాగా.

గురువారం పొద్దున పనివాళ్ళు మూటలు కట్టుకున్నారు.

“మాకు కూలి వద్దు మేస్త్రమ్మా. ప్రాణాలు చాలు.”

“దెయ్యమైతే దాని చేతికీ ఒక సిమెంటు మోసే గమేళా ఇస్తానురా. రాత్రి షిఫ్టుకి మనిషి దొరికినట్టే,” అంది అత్త.

నలుగురూ మూటలు భుజాన వేసుకున్నారు. వెళ్ళిపోయారు.

ఆకాశంలో మబ్బులు. పునాది లేవకముందే వాన పడితే కప్పు లేని పాత గోడలు నాని కూలిపోతాయి. ముందుబెంచీ పెద్దాయన ఇంటింటికీ తిరిగారు — ఆయన నడవడం చాలామంది అప్పుడే చూశారు. “ఫాదరుగారు పడ్డారు. పనివాళ్ళు పారిపోయారు. దేవుడికి ఇష్టం లేదు. ఆదివారం మీటింగు పెట్టి, రేకులు మళ్ళీ బిగించేద్దాం. ఉన్న చర్చి చాలు.”

శనివారం రాత్రి అత్త గునపం తీసింది.

మామయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “ఏమే, పొద్దున్నే వెళ్దాం. దెయ్యం ఎక్కడికీ పోదుగా.”

“పొద్దున వెళ్తే పడుకుని ఉంటుందండీ. మాట్లాడాలంటే మెలకువగా ఉన్నప్పుడే వెళ్ళాలి.”

మామయ్య కూడా బయల్దేరాడు. లాంతరు పట్టుకుని, జపమాల మెడలో వేసుకుని, ఇంకోటి జేబులో పెట్టుకుని. చర్చి గేటు దాకా ధైర్యంగానే వచ్చాడు. అక్కడ ఆయన ధైర్యం అయిపోయింది.

“నేను ఇక్కడ... కాపలా ఉంటాను,” అన్నాడు.

“దేనికి?”

“వెనకనుంచి ఎవరూ రాకుండా.”

లాంతరు కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది. అత్త ఒంటరిగా నడిచింది. ఇసుక కుప్ప దాటింది. కంకర దాటింది. విప్పిన కప్పు కింద చర్చి నోరు తెరుచుకుని ఉంది. గాలి లేదు... చీమ చిటుక్కుమన్నా వినబడేటట్టుంది.

పాడుబడ్డ ఇంటి తలుపు తడిమింది. చేతికి చల్లగా ఇనుము తగిలింది.

తాళం. కొత్త తాళం!

ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ముట్టని తలుపుకి కొత్త తాళం ఎవరు వేశారు? దెయ్యాలు తాళాలు వేసుకుంటాయా? అప్పటిదాకా లేని భయం అప్పుడు వేసింది అత్తకి. అయినా వెనక్కి తిరగలేదు. వెనక్కి తిరిగితే గేటు దగ్గర మామయ్య, రేపు పొద్దున ముందుబెంచీ పెద్దాయన. వాళ్ళిద్దరి కంటే దెయ్యమే నయం అనుకుందట.

గోడ పట్టుకుని పక్కకు వెళ్ళింది. కిటికీ. ఒక రెక్క ఊడిపోయింది. చూసింది...

కన్ను.

ఎర్రగా... సరిగ్గా ఆమె ఎత్తులో... ఆమెనే చూస్తూ. రెప్ప వెయ్యలేదు. సన్నగా వణికింది, అంతే.

అత్త చేతిలోంచి గునపం జారింది. పరిగెత్తు అంది మనసు. పరిగెత్తు, పరిగెత్తు —

కానీ కాళ్ళు పరిగెత్తలేదు. కుడి మోకాలు దానంతటదే వంగి నేలకు తగిలింది.

భయంతో కూలబడ్డాననుకుంది అత్త. కానీ కూలబడితే రెండు కాళ్ళూ కూలబడాలి కదా! ఎడమ పాదం నేల మీద గట్టిగానే ఉంది. వీపు నిటారుగానే ఉంది. వంగింది ఒక్క కుడి మోకాలే. ఇదేమిటి... ఎందుకు వంగింది ఇది? ఇంతకుముందు ఎక్కడ...

అప్పుడే వెనక చప్పుడైంది.

ఇనుము ఇనుముకు తగిలినట్టు. ఒక అడుగు... చప్పుడు. ఇంకో అడుగు... చప్పుడు. దగ్గరికి వస్తోంది.

అత్త చేత్తో నేలంతా తడిమింది. గునపం దొరికింది. లేచి తిరిగింది.

“ఎవర్రా నువ్వు!”

ఆ చప్పుడు ఆగిపోయింది. చీకట్లో తలమీదుగా దుప్పటి కప్పుకున్న ఆకారం. దాని చేతిలో చిన్న సీసా. దుప్పటిలోంచి ఒక గొంతు, గుసగుసగా:

“...అమ్మా, కొట్టకు. సీసా పగులుతుంది.”

దుప్పటి తొలగింది. మబ్బు చాటునుంచి వచ్చిన కాస్త వెన్నెల్లో మొహం కనబడింది. తాళాలాయన! నడుముకి వేలాడే తాళంచెవుల గుత్తి ఇంకా ఊగుతోంది.

“నువ్వా! ఇక్కడేం చేస్తున్నావు?”

“చెప్పకూడదమ్మా. పూజలో తానే చెప్పేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు ఫాదరుగారు. మాటిచ్చాను.”

“సరే, చెప్పొద్దు. తలుపు తియ్యి. నేనే చూస్తాను.”

ఆయన ఆలోచించాడు. “చూపించొద్దని మాత్రం అనలేదు,” అన్నాడు. తాళం తీశాడు.

లోపల ఏం చూసిందో ఆ రాత్రి మామయ్యకు కూడా చెప్పలేదు అత్త. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. మామయ్య లాంతరు ఎత్తి అడిగాడు.

“ద... దెయ్యమేనా?”

“రేపు చూద్దురుగాని. ఊరందరితో పాటు.”

మర్నాడు పూజ అయ్యాక, బయటి ఊరి ఫాదరు వెళ్ళిపోయాక, బడి షెడ్డులో మీటింగు జరిగింది. ముందుబెంచీ పెద్దాయన లేచి, దేవుడి అడ్డంకులన్నీ వేళ్ళు మడుస్తూ చెప్పి, “ఉన్న చర్చి చాలు,” అని కూర్చోబోయారు.

“చాలు అనే మాట ఎండలో నిలబడ్డవాళ్ళు చెప్పాలండీ,” అంది అత్త. “కూర్చున్నవాళ్ళు కాదు.”

షెడ్డంతా తలలు తిప్పింది.

“దెయ్యాన్ని నేను చూశాను. నిజంగానే ఉంది. చీకటి పడ్డాక రండి, చూపిస్తాను. చూశాక కూడా మీరు వద్దంటే ఆ రేకులు నేనే ఎక్కి బిగిస్తాను. మా అమ్మకిచ్చిన మాట మా అమ్మ దగ్గరికి పోయి నేనే చెప్పుకుంటాను. రాకపోతే మాత్రం... ఇంకెప్పుడూ దెయ్యం పేరు చెప్పి నా పని ఆపకండి.”

రానంటే పిరికివాడు. వస్తానంటే భయం. చీకటి పడేసరికి ఎంతలేదన్నా నూటయాభై మంది వచ్చారు. పారిపోయిన పనివాళ్ళు నలుగురూ కూడా వచ్చారు — దూరంగా, చెప్పులు చేత్తో పట్టుకుని. ముందుబెంచీ పెద్దాయన అందరికంటే వెనక. జీవితంలో మొదటిసారి.

అత్త ముందు నడిచింది. ఇసుక కుప్ప దాటారు. కంకర దాటారు. కిటికీ...

“అదిగో!” అని ఎవరో కీచుమన్నారు.

ఎర్రకన్ను.

గుంపు ఒక్కసారి వెనక్కి నెట్టుకుంది. ఒకామె బిడ్డ కళ్ళు మూసింది. పనివాళ్ళలో ఒకడు సగం దూరం పరిగెత్తి, మిగతావాళ్ళు రావడం లేదని ఆగాడు. అత్త కదల్లేదు. చేతులు కట్టుకుని జనం మొహాలు కాదు, జనం కాళ్ళు చూస్తోంది.

మొదట ఒక ముసలమ్మ. కర్ర మీద బరువు వేసి... కుడి మోకాలు వంచింది. ఎందుకు వంచిందో ఆమెకూ తెలియలేదు, పక్కనున్నవాళ్ళ వైపు బిత్తరపోయి చూసింది. తర్వాత ఆమె వెనకున్న వడ్రంగి. తర్వాత పాలమ్మే ఆయన, ఆయన భార్య. తర్వాత ఒకరిని చూసి ఒకరు కాదు, అందరూ ఒకేసారి.

అప్పుడు తాళాలాయన గుంపులోంచి ముందుకు వచ్చాడు. నూటయాభై మంది చూస్తుండగా తాళం తీసి, తలుపు బార్లా తెరిచాడు.

లోపల శుభ్రంగా ఊడ్చిన చిన్న గది. ఒక బల్ల. బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. దాని మీద... మా చర్చిలో పీఠం మీద ఉండే మందసం. దివ్యసత్ప్రసాదం — పూజలో ఆశీర్వదించిన అప్పం, మాకు సాక్షాత్తూ క్రీస్తు శరీరం — ఉంచే మా మందసమే! పక్కన గొలుసుకు వేలాడుతూ ఎర్రగాజు దీపం.

సత్ప్రసాదం ఎక్కడుంటే అక్కడ రాత్రింబవళ్ళు ఆరకుండా వెలగాల్సిన దీపం. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం దాన్ని. ప్రతి ఆదివారం దాని ముందు కుడి మోకాలు వంచి మరీ బెంచీలో కూర్చుంటాం. అది నాలుగు గజాలు పక్కకు జరిగి, చోటు మారేసరికి... దెయ్యమని పని వదిలి పారిపోయాం. మాలో ఎవరికీ బుర్ర పనిచెయ్యలేదు. మోకాళ్ళకే గుర్తుంది.

“పడే ముందురోజు రాత్రి ఫాదరుగారే ఇక్కడికి మార్చారు, కప్పు లేని చోట ఉంచలేం అని,” అన్నాడు తాళాలాయన. “రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదికొస్తే సత్ప్రసాదం దగ్గర్లోనే ఉండాలన్నారు. బంగారు గిన్నె ఉంది, అందరికీ తెలియడం మంచిది కాదు, ఆదివారం పూజలో నేనే చెబుతాను అన్నారు. తాళం నన్ను వెయ్యమన్నారు. చెవి కూడా... నా దగ్గరే ఉంచుకోమన్నారు. రోజూ కొట్టు కట్టేసి వచ్చి నూనె పోసి, కాసేపు జపం చెప్పుకుని వెళ్తున్నాను.”

“దెయ్యమని ఊరంతా గోలగా ఉంటే ఒక్క మాట చెప్పొచ్చుగా?” అన్నాడు వడ్రంగి.

“నాకెవరు చెబుతారయ్యా, ఊళ్ళో గోలగా ఉందని?” అన్నాడాయన. “పన్నెండేళ్ళుగా నాతో మాట్లాడిందెవరు?”

ముసలమ్మ కర్ర పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుంది. తాళంచెవుల గుత్తి గలగలమంది. మేము సంకెళ్ళనుకున్న చప్పుడు అదే.

ఎవరో జపం అందుకున్నారు. జనం గదిలోకి దూరారు. పదిహేను మంది పట్టే గది. ముప్పై మంది పట్టారు. గుమ్మంలో ఇంకో పదిమంది. మిగతావాళ్ళు బయట, చీకట్లో.

అందరికంటే వెనక వచ్చిన మనిషికి గుమ్మం దాకా కూడా దారి దొరకలేదు. ఆయన గోడ పట్టుకుని పక్కకు వెళ్ళి, రెక్క ఊడిన కిటికీ దగ్గర మునివేళ్ళ మీద లేచి, చువ్వ పట్టుకుని లోపలికి చూశారు. కనబడింది వీపులే. కాసేపు ఇటు, కాసేపు అటు వంగి చూశారు. ఆఖరికి ముందుబెంచీ పెద్దాయన గొంతు వినబడింది.

“కాస్త జరగండయ్యా... నాకేం కనబడటం లేదు... ఇక్కడ మరీ ఇరుకుగా ఉంది!”

జపం ఆగిపోయింది.

“సరిగ్గా వినబడలేదండీ,” అంది లోపలినుంచి అత్త. “ఇంకోసారి చెప్పండి. గట్టిగా.”

ఆయన ఇంకోసారి చెప్పలేదు. ఇంటికీ వెళ్ళలేదు. జపం అయ్యేదాకా ఆ కిటికీ బయటే, చువ్వ పట్టుకుని నిలబడ్డారు... మా నానమ్మ నాలుగేళ్ళు నిలబడినట్టే.

సోమవారం తెల్లవారకముందే అత్త గునపంతో చర్చి వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. పనివాళ్ళు నలుగురూ అప్పటికే వచ్చి ఉన్నారు.